పురిటి మంచం నుంచి ఉయ్యాల దాకా: పసిబిడ్డ తొలి 21 రోజులు

బిడ్డ పుట్టిన ఇంట్లో మొదటి మూడు వారాలూ సాయం చేసే చేతులకు కొదవ ఉండదు. సలహాలకూ కొదవ ఉండదు. అమ్మమ్మది ఒక పద్ధతి, నాయనమ్మది ఇంకో పద్ధతి, స్నానం పోయడానికి వచ్చే ఆవిడది మూడో పద్ధతి. మధ్యలో నలిగిపోయేది బాలింతే. అందుకని కాన్పుకు ముందే ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క ఒప్పందానికి రావాలి: వేడుకలు, ముహూర్తాలు, పేరంటాలు, పాటలు పెద్దల ఇష్టం. బిడ్డ నోట్లోకి, కళ్లలోకి, ముక్కులోకి, చెవుల్లోకి, బొడ్డు మీదికి వెళ్లేవన్నీ డాక్టర్ మాట. ఈ గీత ముందే గీసుకుంటే ఇక్కడ చెప్పబోయే పనులన్నీ తేలికవుతాయి.

కాన్పుకు ముందు: తొమ్మిదో నెల మొదట్లోనే

మొదటి పని పొత్తిగుడ్డలు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు, పంచెలు చింపి కనీసం రెండు డజన్లు సిద్ధం చేయండి. పాలు బాగా అందే బిడ్డ రోజుకు ఆరేడుసార్లకు తక్కువ కాకుండా తడుపుతుంది, దానికి విరేచనాలు అదనం. వానాకాలం కాన్పయితే ఆరడం ఆలస్యమవుతుంది కాబట్టి ఇంకో డజను కలపండి. వేడినీళ్లతో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేలా జాడించి, ఎండలో ఆరేయాలి. నాఫ్తలీన్ ఉండలు వేసిన బీరువాలోంచి తీసిన బట్టలు నేరుగా వాడకండి. ఎర్ర రక్తకణాల్లో జీ6పీడీ లోపం ఉన్న పిల్లలకు ఆ ఉండల వల్ల రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉందో లేదో పుట్టగానే ఎవరికీ తెలియదు.

ముందు బొత్తాలు ఉండే నూలు చొక్కాలు ఆరు, టోపీలు మూడు, సాక్సులు నాలుగు జతలు, ఒక డిజిటల్ థర్మామీటరు చాలు. కొత్త బట్టలైనా ఒకసారి ఉతికాకే వేయండి. పౌడరు డబ్బా, కాటుక, ఆవాల దిండు, పాలసీసా కొనే పని లేదు.

రెండో పని కాగితాలు. ఇది మగవాళ్లు తీసుకుంటే బాగుంటుంది. ఆసుపత్రిలో జనన నమోదు ఫారం నింపే సమయానికి తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌లో ఉన్నట్టే ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని ఒక అక్షరంతో సరిపెట్టే అలవాటు కూడా ఉంది. పదేళ్ల తర్వాత పాస్‌పోర్టు దగ్గర తిప్పలు పెట్టేది ఈ పొడి అక్షరమే. తల్లి ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, మిగతా కాగితాల్లో అత్తింటి ఇంటిపేరు ఉంటే, ఏది రాయించాలో ఇప్పుడే తేల్చుకోండి.

మొదటి రోజు

పుట్టిన వెంటనే బిడ్డను తుడిచి తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరినీ కలిపి ఒక దుప్పటి కప్పాలి. తల్లి ఒంటి వెచ్చదనమే బిడ్డకు మొదటి రక్ష. గంటలోపు రొమ్ముకు పట్టించాలి. సిజేరియన్ అయినా తల్లి స్పృహలో ఉంటే ఇది సాధ్యమే, నర్సు సాయం అడగండి. మొదట వచ్చే చిక్కని పసుప్పచ్చ ముర్రుపాలు చెంచా రెండు చెంచాలే ఉంటాయి. బిడ్డ పొట్టకు అంతకంటే పట్టదు. "పాలు పడలేదు" అని ఆ రోజు డబ్బాపాలు పట్టేస్తే బిడ్డకు రొమ్ము మీద ఆశ తగ్గుతుంది, చీకడం తగ్గితే నిజంగానే పాలు తగ్గుతాయి.

ఇరవై నాలుగు గంటల్లో మూడు టీకాలు పడ్డాయా అని అడిగి చూసుకోండి: బీసీజీ, పోలియో చుక్కల తొలి మోతాదు, హెపటైటిస్ బి. వీటితోపాటు రక్తం గడ్డకట్టడానికి సాయపడే విటమిన్ కె ఇంజెక్షన్, మామూలుగా 1 మిల్లీగ్రాము. బీసీజీ వేసిన ఎడమ భుజం మీద కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి, చీము పట్టి, దానంతటదే మాని మచ్చ పడుతుంది. అది టీకా పనిచేస్తోందనడానికి గుర్తే. దాని మీద పసుపు, ఆయింట్‌మెంటు ఏదీ రాయొద్దు.

ఇంటికి బయల్దేరే ముందు ఇంకో రెండు అడగండి: వినికిడి పరీక్ష, మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో థైరాయిడ్ పరీక్ష. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉంటే మొదటి వారాల్లో పైకి ఏమీ కనిపించదు. తొలి రెండు వారాల్లో మందు మొదలైతే బుద్ధి ఎదుగుదలకు దెబ్బ తగలకుండా కాపాడుకోవచ్చు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే ఇంటికి దింపడానికి 102 వాహనం ఉచితం.

పాలు: ఇక్కడ తొందర పనికిరాదు

బిడ్డ తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండాలి. బిడ్డ పొట్ట తల్లి పొట్టను తాకాలి. నోరు పెద్దగా తెరిచినప్పుడు బిడ్డనే రొమ్ము దగ్గరికి తేవాలి. తల్లి ముందుకు వంగి రొమ్మును బిడ్డ నోటికి అందిస్తే నడుం నొప్పి, మొన పగుళ్లు తప్పవు. సరిగ్గా పట్టుకుందనడానికి గుర్తులు నాలుగు: గడ్డం రొమ్ముకు ఆనుతుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, నల్లటి భాగం కింద తక్కువగా పైన ఎక్కువగా కనిపిస్తుంది, గుటక వినిపిస్తుంది. మొదటి నిమిషం దాటాక కూడా నొప్పి ఉందంటే పట్టు తప్పినట్టే. చిటికెన వేలు బిడ్డ నోటి మూలలోకి పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి. లాగితే మొన చీలుతుంది.

రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రుళ్లు కూడా. మొదటి వారంలో మూడు గంటలు దాటి నిద్రపోతుంటే అరికాలు నిమిరి లేపండి. పాలు చాలుతున్నాయా అన్న ప్రశ్నకు జవాబు ఏడుపులో ఉండదు, పొత్తిగుడ్డల్లో ఉంటుంది. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అయిదో రోజు నుంచి ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోవాలి. విరేచనం మొదట నల్లగా జిగటగా, తర్వాత ఆకుపచ్చగా మారి, నాలుగైదు రోజులకు పసుప్పచ్చగా పలచబడాలి. 3 కిలోల బిడ్డ తొలి వారంలో 200, 250 గ్రాములు తగ్గడం సహజం. పదో రోజుకు, ఆలస్యమైతే పద్నాలుగో రోజుకు, పుట్టినప్పటి బరువుకు చేరుకోవాలి. ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. తగ్గుదల పదోవంతుకు చేరితే, అంటే 300 గ్రాములైతే, ఆ రోజే చూపించండి.

మూడు, నాలుగు రోజులకు రొమ్ములు రాయిలా గట్టిపడతాయి. గోరువెచ్చటి తడిగుడ్డ అద్ది, చేత్తో కొంచెం పాలు తీసేస్తే మొన మెత్తబడి బిడ్డ నోటికి అందుతుంది.

ఇప్పుడు పెద్దలతో పేచీ వచ్చే చోటు. వస కొమ్ము అరగదీసి నాకించడం, గోరోజనం, కస్తూరి మాత్ర, తేనె, చక్కెర నీళ్లు, ఆముదం, గ్రైప్ వాటర్: వీటిలో ఒక్కటీ వద్దు. ఎండాకాలంలో కాచిన నీళ్లు కూడా వద్దు, తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. తేనెలో ఉండే బాచులిజం క్రిమి బీజాలు ఏడాది నిండని బిడ్డ పేగులో మొలిచి విషం తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడతాయి. మరిగించినా ఆ బీజాలు చావవు. ముస్లిం ఇళ్లలో తొలి తీపిగా ఖర్జూరం, తేనె నాలుకకు రాసే ఆనవాయితీ ఉన్నా ఈ కారణంతోనే తేనెను పక్కన పెట్టాలి. వస వాంతులు తెప్పిస్తుంది, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. మాటలు త్వరగా రావాలని వస పెడతారు. మాటలు వచ్చేది బిడ్డతో మాట్లాడటం వల్ల. స్నానం పోసేటప్పుడు, పొత్తిగుడ్డ మార్చేటప్పుడు బిడ్డ కళ్లలోకి చూస్తూ కబుర్లు చెప్పే పని నాయనమ్మకు అప్పగించండి. వస చేస్తుందనుకున్న పని ఆ కబుర్లు చేస్తాయి.

పచ్చకామెర్లు

సగానికి పైగా పిల్లల్లో రెండు, మూడు రోజులకు ముఖం పచ్చబడుతుంది, వారం పది రోజుల్లో తగ్గుతుంది. పగటి వెలుతురులో కిటికీ దగ్గర ముక్కు మీద చర్మాన్ని వేలితో నొక్కి చూడండి. ట్యూబ్‌లైటు కింద పసుపు సరిగ్గా తెలియదు. పసుపు ముఖం నుంచి కిందికి దిగుతుంది. పొట్ట దాటి కాళ్లకు వచ్చినా, పుట్టిన మొదటి 24 గంటల్లోనే కనిపించినా ఆగకండి. అరిచేతులు, అరికాళ్లు పచ్చబడితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. ముదిరిన కామెర్లు మెదడుకు ఎక్కితే వినికిడి, నడక పోతాయి. పొద్దున ఎండలో పెట్టడం దీనికి వైద్యం కాదు. ఆసుపత్రిలో పెట్టే నీలి దీపాల వెలుగు వేరు, ఎండ వేరు. ఎండలో బిడ్డ ఒళ్లు చల్లబడటమో కాలడమో జరుగుతుంది, పైగా విలువైన గంటలు పోతాయి.

బొడ్డు, నూనె, స్నానం

బొడ్డుకు ఏమీ రాయకపోవడమే దాని వైద్యం. గాలి తగలనిచ్చి, పొత్తిగుడ్డను బొడ్డు కిందికి మడిచి కట్టండి. అయిదు నుంచి పదిహేను రోజుల్లో ఎండి రాలిపోతుంది. పసుపు, బూడిద, నూనె రాస్తే తడి నిలిచి క్రిమి చేరుతుంది. చుట్టూ చర్మం ఎర్రబడినా, చీము, దుర్వాసన వచ్చినా డాక్టర్‌కు చూపించాలి.

మొదటి స్నానం కనీసం 24 గంటల తర్వాత. బొడ్డు రాలేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. బరువు తక్కువగా, నెల తక్కువగా పుట్టిన బిడ్డకు డాక్టర్ చెప్పేదాకా స్నానం వద్దు.

కాళ్ల మీద పడుకోబెట్టి పోసే స్నానం మంచి పద్ధతే, తల్లి కాళ్ల వెచ్చదనం బిడ్డకు తగులుతుంది. వరస ఇలా పెట్టుకోండి. తలుపులు, కిటికీలు మూసి ఫ్యాను ఆపండి. తువ్వాలు, పొత్తిగుడ్డ, చొక్కా ముందే చేతికందేలా పరవండి. పాలిచ్చాక గంట ఆగండి. చల్లనీళ్లు ముందు పోసి తర్వాత వేడినీళ్లు కలిపి, మోచేత్తో చూస్తే గోరువెచ్చగా ఉండాలి. కొబ్బరి నూనె అరచేతుల్లో రుద్దుకుని కాళ్ల నుంచి పైకి, పది నిమిషాలు, నిమిరినట్టు పట్టించండి. చేతికున్న ఉంగరాలు, గాజులు తీసేయాలి. పోత నాలుగైదు నిమిషాలకు మించకూడదు, తల చివరన తడపాలి. ఎందుకంటే పసిబిడ్డ ఒంటికి తల పెద్దది, తడిస్తే అక్కడి నుంచి చాలా వేడి పోతుంది. తీయగానే తల తుడవండి.

సున్నిపిండి గట్టిగా రుద్దితే పలచటి చర్మం గీసుకుపోతుంది. మొదటి నెల వద్దు. మాడు మీద నూనె అద్దడం వరకు ఫర్వాలేదు, నొక్కడం, మర్దన చేయడం వద్దు. ముక్కు సాగదీయడం, ముక్కులోకి నోటితో ఊదడం, చెవిలో నూనె చుక్క వేయడం, కొత్తగా పుట్టిన బిడ్డ చనుమొనలు పిండి పాలు తీయడం మానేయాలి. చివరిది ముఖ్యం. తల్లి హార్మోన్ల వల్ల ఆడ, మగ పిల్లలిద్దరికీ రొమ్ము ఉబ్బి, ఒకోసారి పాలలాంటి చుక్క వస్తుంది. కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పిండితే చీముగడ్డ కట్టి కోత పెట్టాల్సి వస్తుంది. ఆడపిల్లకు తొలి వారంలో కొంచెం తెల్లబట్ట, ఒకటి రెండు చుక్కల రక్తం కనబడినా కారణం అదే, కంగారు పడకండి.

సాంబ్రాణి పొగ బాలింత జుట్టు ఆరడానికే అయితే బిడ్డను వేరే గదిలో ఉంచి వేయండి. మూసిన గదిలో నిప్పుల కుంపటి వల్ల విషవాయువు చేరుతుంది. కాటుక కంట్లో వద్దు, దానిలో సీసం ఉండొచ్చు. దిష్టిచుక్క పెట్టాలంటే అరికాలికి పెట్టండి, బిడ్డ చేత్తో తుడిచి నోట్లో పెట్టుకోకుండా ఉంటుంది. మొలతాడు, చేతికి కట్టే తాడు కింద మీ చిటికెన వేలు దూరాలి. తల్లి తలవెంట్రుక ఒకటి బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగుసుకోవడం కూడా జరుగుతుంది. కారణం తెలియని ఏడుపుకు సాక్సులు విప్పి చూడండి.

నిద్ర, ఉయ్యాల

వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు. దాని బదులు మెలకువగా ఉన్నప్పుడు, ఒకరు కనిపెట్టుకుని ఉండగా, కాసేపు పొట్ట మీద పడుకోబెడితే తల వెనకభాగం చదునుగా అవదు. చీర ఉయ్యాలలో చిక్కేమిటంటే బిడ్డ నడుం వంగి గడ్డం గుండెకు ఆనుతుంది, ఊపిరి దారి మూసుకుంటుంది. రాత్రి నిద్రకు అది వద్దు. కొక్కేనికి పాతిక కిలోల బియ్యం బస్తా వేలాడదీసి ఒక పూట చూశాకే ఏ ఉయ్యాలనైనా వాడండి.

బాలింత

పథ్యం పేరుతో నీళ్లు తగ్గించి, పప్పు, కూరలు మాన్పించి, కారప్పొడి అన్నమే పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలు రావాలంటే నీళ్లు, పప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు, పండు కావాలి. సిజేరియన్ అయిన తల్లికి నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం చేసి కుట్లు లాగుతాయి. వెల్లుల్లి, మెంతులు, బాలింత కాయం రుచికి, తృప్తికి పెట్టండి, వాటితో కడుపు నింపకండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వాడాలి.

గంటకో ప్యాడు తడిసిపోయే రక్తస్రావం, జ్వరం, దుర్వాసన, తగ్గని తలనొప్పితో చూపు మసకబారడం, ఒక్క కాలి పిక్కే వాచి నొప్పి రావడం: ఇవి ఆసుపత్రికి వెళ్లాల్సినవి. మూడో రోజు కారణం లేకుండా ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, బిడ్డ మీద మనసు పోకపోయినా అది జబ్బే, తగ్గే జబ్బు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో పెద్దబిడ్డ ఉంటే, తల్లి ఆసుపత్రి నుంచి వచ్చిన క్షణంలో చేతులు ఖాళీగా ఉండాలి. చంటిబిడ్డను అమ్మమ్మ ఎత్తుకుని వెనక నడవాలి. తల్లి ముందు పెద్దబిడ్డను దగ్గరికి తీసుకోవాలి. "నీ చోటు పోయింది" అని ఎవరూ వేళాకోళం ఆడకూడదు.

బారసాల, తొట్టెల

పది రోజుల పురుడు అయ్యాక 11, 12 లేదా 21వ రోజున బారసాల చేస్తారు. తెలంగాణలో తొట్టెల వేయడం ఎక్కువగా 21కే. ఆరోగ్యం దృష్ట్యా 21వ రోజే మేలు: అప్పటికి బొడ్డు రాలుతుంది, బరువు పుంజుకుంటుంది, తల్లి కూర్చోగలుగుతుంది. బిడ్డ ఆసుపత్రిలో ఉండి వచ్చుంటే మూడో నెలకు జరుపుకున్నా వేడుకకు లోటు లేదు.

పేరు కోసం నక్షత్రం, పాదం కావాలి. పుట్టిన సమయం నిమిషంతో సహా ఆసుపత్రి కాగితం మీద ఉందో చూసుకోండి. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఆ అక్షరంతో మంచి పేరు దొరక్కపోతే నక్షత్ర నామం ఒకటి, పిలుచుకునే పేరు ఒకటి పెట్టుకోవచ్చు.

విఘ్నేశ్వర పూజ, పుణ్యాహవాచనం అయ్యాక తండ్రి బంగారు ఉంగరంతో బియ్యంలో పేరు రాస్తాడు. కిలోంబావు బియ్యం వెడల్పాటి పళ్లెంలో పలచగా పరవండి, మందంగా పోస్తే అక్షరం నిలవదు. ఆ తర్వాత బిడ్డ చెవిలో పేరు చెప్పి, ఉయ్యాలలో వేసి పేరంటాళ్లు పాట అందుకుంటారు. కొన్ని ఊళ్లలో అదే రోజు బాలింత చేత నూతిలో చేద వేయిస్తారు. కుట్లు ఆరని తల్లి బరువు లాగకూడదు, తాడు మీద చెయ్యి వేసి ఉంటే వేరొకరు తోడాలి. నుయ్యి లేనిచోట పంపు దగ్గర పసుపు కుంకుమ పెడుతున్నారు.

బిడ్డకు ఇది అలసట రోజు. అప్పటికి పడింది పుట్టినప్పటి టీకాలే, కోరింత దగ్గుకు ఇంకా రక్షణ లేదు. అందుకే ముహూర్తానికి అరగంట ముందు కడుపునిండా పాలిచ్చి, ఉయ్యాల వేడుక అరగంటలో ముగించి, బిడ్డను లోపలి గదికి పంపేయండి. చేతులు మారకుండా ఒక్కరే ఎత్తుకోవాలి. ఆ గౌరవం మేనత్తకిస్తే చక్కగా కాపలా కాస్తుంది. గుమ్మం దగ్గర సబ్బు, నీళ్లు పెట్టండి. ముద్దులు కాళ్లకే. దగ్గు, జలుబు ఉన్నవాళ్లకు తాంబూలం వాకిట్లోనే ఇచ్చి పంపినా వాళ్లు నొచ్చుకోరు, ముందు రోజే ఫోన్లో చెప్పండి. ఉయ్యాలకు కట్టిన పూలదండల్లో గుండుసూదులు లేకుండా దారంతోనే కట్టించండి. స్పీకరు ఉయ్యాల పక్కన వద్దు.

జనన ధ్రువపత్రం

బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు. పుట్టింటికి వచ్చి గుంటూరులో కన్న తల్లి హైదరాబాదులో దరఖాస్తు చేస్తే కుదరదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు రుసుము లేదు. ఆసుపత్రి కాన్పయితే వివరాలు పంపడం ఆసుపత్రి బాధ్యత. అయినా పంపారో లేదో పదో రోజున అడగండి. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో, ఏడాదిలోపు అధికారి అనుమతితో, ఆ తర్వాత మెజిస్ట్రేట్ ఉత్తర్వుతో నమోదు చేస్తారు. పేరు ఇంకా పెట్టకపోయినా నమోదు ఆపకండి. నమోదైన ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడి, పాస్‌పోర్టు, ఓటు అన్నిటికీ పుట్టిన తేదీకి రుజువు ఈ ఒక్క పత్రమే, కాబట్టి అచ్చు తీసే ముందు అక్షరం అక్షరం చదవండి. ఇది చేతికొచ్చాక అయిదేళ్లలోపు పిల్లలకిచ్చే ఆధార్ వేలిముద్రలు లేకుండా తీసుకోవచ్చు. భారత పౌరులకు విదేశంలో పుట్టిన బిడ్డకు అక్కడి పాస్‌పోర్టు తీసుకోకుండా మన పౌరసత్వమే కావాలంటే, ఏడాదిలోపు అక్కడి భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి.

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి

ఈ గుర్తులు కాగితం మీద రాసి పురిటి గది గోడకు అంటించండి. పాలు తాగడం మానేయడం. మూర్ఛ. నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ ఊపిర్లు (నిద్రలో, నిమిషం పూర్తిగా లెక్కించి, మళ్లీ ఒకసారి చూడాలి). ఊపిరి పీలుస్తుంటే డొక్కలు లోపలికి పోవడం. చంకలో 37.5 డిగ్రీల సెల్సియస్ (99.5 ఫారెన్‌హీట్) లేదా ఆపైన జ్వరం, లేదా 35.5 కంటే తక్కువ. కదిపితే తప్ప కదలకపోవడం. ఆకుపచ్చ వాంతి. విరేచనంలో రక్తం. చిన్నపిల్లలకు జ్వరం రాకుండా ఒళ్లు చల్లబడటం కూడా ఇన్‌ఫెక్షన్ గుర్తే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎక్కిళ్లు, తుమ్ములు, పాలు తాగాక కొంచెం కక్కడం ఈ జాబితాలో లేవు.

ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బరువు, జ్వరం చూస్తుంది. పుట్టింటికి వచ్చి ఉంటే ఆ ఊరి ఆశాకు మీరే కబురు పెట్టాలి, లేకపోతే ఆమెకు తెలియదు. 42వ రోజు ఆమె వచ్చేసరికి ఆరు వారాల టీకాల గడువు వచ్చేస్తుంది: పెంటావాలెంట్, పోలియో చుక్కలు, పోలియో ఇంజెక్షన్, రోటావైరస్, న్యూమోకాకల్. అత్తింటికి ప్రయాణం పెట్టుకునేవాళ్లు ఆ టీకాలు వేయించి, ఒకటి రెండు రోజులు జ్వరం చూసుకుని, టీకా కార్డు సంచిలో పెట్టుకున్నాక బయల్దేరండి.